ఆఖరి పదహారు పేజీలు

ఆదివారం పొద్దున్నుంచీ ముసురు పట్టి వదల్లేదు. పుస్తకాలు కుట్టే బైండరుకి మాత్రం ఆ రోజు వాన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వాన పడితే బయటికి పోయే పని ఉండదు, ఇంటికి వచ్చేవాళ్ళూ ఉండరు. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, అత్తగారికి డిటెక్టివ్ నవల ఆఖరి అధ్యాయం తాపీగా చదివి వినిపించొచ్చు. రేపు పొద్దున ఆరు గంటల బస్సుకి ఆవిడ వాళ్ళ ఊరు వెళ్ళిపోతుంది. ఈలోగా హంతకుడెవరో తేలాలి.

అత్తగారు కంటి ఆపరేషన్ కోసం వచ్చి మూడు వారాలైంది. నెల తిరిగేదాకా పుస్తకం ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చూస్తే ఆవిడ చదవనిదే పొద్దు గడవని మనిషి. మనసాగక ఒక సాయంత్రం బైండరే చదవడం మొదలుపెట్టాడు.

ఆవిడ టెలిగ్రాఫు ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఆ అలవాటే కాబోలు, మాటల దగ్గర పరమ పొదుపు. పెళ్ళైన ఈ పదకొండేళ్ళలో అల్లుడితో నేరుగా మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏం కావాలన్నా కూతురి ద్వారానే. "మీ ఆయన్ని ఫ్యాను తగ్గించమనవే," అనేది. ఆ 'మీ ఆయన' మూరెడు దూరంలో కూర్చుని ఉండేవాడు. కోపమూ కాదు, చులకనా కాదు. కానీ మెచ్చుకున్న పాపాన మాత్రం పోలేదు. ఆవిడ నోట ఒక్క మంచి ముక్క వినాలని బైండరుకి మహా ఆశ. అందుకే గొంతు మార్చి మార్చి చదివేవాడు. దగ్గుతూ మాట్లాడే ముసలి వకీలుకి అచ్చమైన దగ్గు పెట్టాడు. ఇన్‌స్పెక్టరుని ముక్కుతో మాట్లాడించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని అంతా విని, చివర్లో "ఊఁ" అనేది. బైండరు ఆ "ఊఁ"లోనే మెప్పు వెతుక్కునేవాడు.

"ఇన్‌స్పెక్టరు హాలు మధ్యకి నడిచాడు," అని ఆవేళ ముక్కుతో అందుకున్నాడు. "గడియారం ఆపిందెవరో నాకు తెలుసు. ఆ మనిషి ఈ గదిలోనే ఉన్నాడు. అతను..." పేజీ తిప్పాడు. "రెండు చేతులూ చాచి, మోకాళ్ళు కొద్దిగా వంచి, బంతి మీద నుంచి చూపు మరల్చకుండా నిలబడాలి."

అదే ఊపులో ఇంకో వాక్యం కూడా చదివేశాడు పాపం. మంచి గోల్‌కీపరు ముందుగా తన భయాన్ని జయించాలట.

అత్తగారు కళ్ళు తెరిచింది. "హంతకుడు మోకాళ్ళు వంచడమేమిటే?" అని కూతుర్ని అడిగింది.

బైండరు గబగబా పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఆ పుస్తకం కుట్టింది అతనే. పోయిన నెల లైబ్రరీ నుంచి వచ్చిన చిరుగుల పుస్తకాల్లో ఈ నవలా, ఒక ఫుట్‌బాల్ పుస్తకమూ ఒకే సైజువి. రెండూ విప్పి, ఫారాలు పక్కపక్కనే పేర్చుకున్నాడు. ఫారమంటే పదహారు పేజీల మడత. కుట్టే ముందు ప్రతి ఫారం అడుగునా ఉన్న అంకె చూసుకోవాలి. పనిలో చేరిన మొదటి రోజే నేర్పే పాఠమది, పాతికేళ్ళలో ఎన్నడూ తప్పలేదు. కానీ ఆవేళ రేడియోలో ఫుట్‌బాల్ ఫైనల్ పెనాల్టీల దాకా పోయింది. చెవి అక్కడ, చెయ్యి ఇక్కడ. నవల తోక తీసుకెళ్ళి బంతాటకీ, బంతాట తోక తెచ్చి నవలకీ కుట్టేశాడు.

"అచ్చేసిన వాళ్ళ పొరపాటై ఉంటుంది," అని గొణిగాడు. నిజం ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

భార్య అతని మొహం చూసి వంటింట్లోకి లాక్కెళ్ళింది. "మీ నిర్వాకమేనా?"

"నాదే."

"అమ్మ రేపు పొద్దున్నే వెళ్ళిపోతుందండీ. ఏం చేస్తారో మీ ఇష్టం, ఆ ఆఖరి పేజీలు సాయంత్రంలోగా ఇంట్లో ఉండాలి."

లైబ్రేరియన్‌కి ఫోన్ చేశాడు. ఆవిడకి ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో నాలుక చివరే ఉంటుంది. ఫుట్‌బాల్ పుస్తకాన్ని శుక్రవారం స్కూలు డ్రిల్లు మాస్టారు పట్టుకెళ్ళాడని చెప్పింది. బైండరు గొడుగు తీసుకుని పరుగెత్తాడు. గొడుగు గాలికి తిరగబడి, మాస్టారి గుమ్మం చేరేసరికి మనిషి నిలువునా తడిసి ముద్దయ్యాడు.

వానకి మ్యాచి రద్దై మాస్టారు అప్పటికే చిరచిరలాడుతున్నాడు. పుస్తకం పేరు ఎత్తగానే విరుచుకుపడ్డాడు.

"ఆ పుస్తకమా! పెనాల్టీ ఎలా ఆపాలో చెబుతాడని ఆశగా పేజీ తిప్పితే, పోలీసులొచ్చి ఎవర్నో అరెస్టు చేస్తారేంటండీ? పైగా ఆ చేసింది ఎవర్ననుకున్నారు? ఆ..."

"చెప్పకండి!" బైండరు రెండు చెవులూ మూసుకున్నాడు. "మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి!"

సంగతంతా విని మాస్టారు మెత్తబడ్డాడు. "పుస్తకం ఇస్తాను. కానీ నేనూ వస్తా. హంతకుడు తెలిశాడు గానీ చచ్చిందెవరో తెలీక రెండ్రోజులుగా నాకు నిద్ర లేదు."

అలా ఇద్దరూ ఒకే గొడుగు కింద, చెరో భుజం తడుపుకుంటూ వచ్చారు. బైండరు తల తుడుచుకుని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు. మొదటి భాగం ఎవరైనా చెప్పండని మాస్టారు బతిమాలుతున్నాడు. భార్య గొంతు సవరించుకుంది. కానీ మొదలుపెట్టింది ఆవిడ కాదు, అత్తగారు.

పొయ్యి దగ్గర బైండరు చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అత్తగారు కథ చెబుతోంది. ఒకటీ అరా ముక్కలు కాదు, పెద్దమనిషి శవం దొరకడం దగ్గర్నుంచి పూసగుచ్చినట్టు చెబుతోంది. వకీలు వచ్చేసరికి దగ్గింది, అచ్చం బైండరు దగ్గినట్టే. ఇన్‌స్పెక్టరు రాగానే ముక్కుతో మాట్లాడింది. ఒకచోట బైండరు కళ్ళజోడు సర్దుకోవడానికి ఆగి "ఆఁ, ఎక్కడున్నాం" అన్నాడు ఎప్పుడో. ఆవిడ దాన్ని కూడా వదల్లేదు. ఆవిడ దగ్గినప్పుడల్లా మాస్టారు చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరుగుతున్నాడు. ఒక్క మాట కూడా పోనివ్వకుండా విందన్నమాట ఈవిడ, అనుకున్నాడు బైండరు. కళ్ళు చెమర్చాయి. టీ పొంగి పొయ్యి పాలైనా తెలీలేదు.

"నేను చెబితే ఏం బావుంటుంది మాస్టారూ," అంటోంది అత్తగారు. "మా అల్లుడు చదవాలి. ఆ గొంతులే వేరు."

బైండరు మిగిలిన టీ గ్లాసుల్లో పోసి తెచ్చి, కూర్చుని, ఫుట్‌బాల్ పుస్తకం ఆఖరి ఫారం తెరిచాడు. మళ్ళీ ముక్కుతో ఇన్‌స్పెక్టరుని మాట్లాడించాడు. హంతకుడు ముసలి వకీలు! ఆ దగ్గు కూడా దొంగ దగ్గే. మాస్టారు అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వంతా ఒక్కసారి వదిలాడు. నవ్వీ నవ్వీ, వాన తెరిపివ్వగానే లేచి, వచ్చే ఆదివారం కూడా వానే పడాలని దీవించి మరీ వెళ్ళాడు.

ఇక దాచడం బైండరు వల్ల కాలేదు. "అత్తయ్యా, తప్పు అచ్చేసిన వాళ్ళది కాదు. రేడియోలో ఆట వింటూ నేనే తప్పు కుట్టాను. పాతికేళ్ళ పనితనం మీ ముందే నవ్వులపాలైంది," అన్నాడు తలొంచుకుని.

భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఎవరు గెలిచారు?" అంది అత్తగారు.

"మనవాళ్ళే."

"పోనీలే." ఆవిడ చెయ్యి చాచి, అతని తడి చొక్కా భుజం ఒకసారి తడిమింది. కూతురి వైపు చూడలేదు. "ఒకళ్ళు కూర్చుని నాకు చదివి పెట్టడం నా జన్మలో ఇదే నాయనా. బస్సు వద్దులే, నెల నిండాకే వెళ్తాను. రేపు లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం పట్టుకురా. తప్పు కుట్టిందైనా ఫర్వాలేదు."