దిద్దని ఫోటో

"అంట్లు తరువాత తోముదువు గాని, ముందు జంగయ్యను విమానం ఎక్కియ్యి!" మొగుడు జయశీలన్ స్టూడియో నడిపే ముందుగదిలోంచి కేకేశాడు.

సునీల చేతుల బూడిద కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. శంషాబాద్‌కు విమానాశ్రయం వస్తుందని మాట పుట్టిన ఏడాది అది. అందరికీ విమానంలో ఫోటో కావాలి. జయశీలన్ కంప్యూటర్‌లో విమానం ఆట ఆడతాడు. అది గాల్లో ఉన్నప్పుడు మీట నొక్కి తెరను బొమ్మగా పట్టుకుంటాడు. ఆ బొమ్మలో వేగం, ఎత్తు చూపే కింది గడియారాలూ పైన అక్షరాలూ తుడిచి, వచ్చినవాళ్ళ ఫోటో అతికించే పని సునీలది. ఫోటో వెనక ముద్ర మాత్రం జయశీలన్ స్టూడియోది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని అతని వెనక నిలబడి చూసి నేర్చుకుంది. ఆకాశం అంతా ఒకే నీలం కాదని కూడా మొన్ననే తెలిసింది. పైన ముదురు, కిందికి వచ్చేకొద్దీ లేత. అక్షరం చెరపాలంటే దాని పక్క ముక్కనే తీసి కప్పాలి. దూరపు ముక్క వేస్తే అతుకు కనబడుతుంది.

"కిటికీ పక్కన కూసోవెట్టు బిడ్డా," అన్నాడు జంగయ్య పోతూ పోతూ. "కిందికెల్లి మా మామిడిపల్లి అవుపడాలె."

తప్పు చేస్తే కంప్యూటర్ మూడు అడుగుల కంటే వెనక్కి పోనియ్యదని ఆమెకు తెలియదు. ఒక ఆకాశం ముక్క జంగయ్య తల రుమాలు మీద పడింది. చూసుకోకుండా ఇంకో నాలుగు ముక్కలు వేసింది, బొమ్మను కంప్యూటర్‌లో దాచింది. తరువాత చూస్తే మెడ మీద తలకు బదులు మబ్బు ఉంది.

"తలకాయ లేనోన్ని ఎక్కిస్తవానే?" జయశీలన్ కీబోర్డు పీకి ఆమె చేతుల మీద కొట్టాడు. మీటలు ఊడి నేలంతా చిందాయి. జుట్టు పట్టి ముఖాన్ని కంప్యూటర్ అంచుకేసి కొట్టాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

లోపలినుంచి అత్త మరియమ్మ అంది: "జర మెల్లగ రా, మిషిన్ పలుగుతది."

సునీల నేల మీద పాకుతూ మీటలు ఏరింది. ఏ అక్షరం ఎక్కడిదో వెతికి మళ్ళీ గుచ్చింది. నాలుకతో పళ్ళు లెక్కపెట్టుకుంది. పళ్ళన్నీ ఉన్నాయి. మర్నాడు జంగయ్యను మళ్ళీ అతికించింది. ఈసారి రుమాలు అంచు దగ్గర ఊపిరి బిగబట్టింది.

ఆదివారం చర్చి పుస్తకానికి కుటుంబం ఫోటో దిగారు. జయశీలన్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తేలిగ్గా అన్నాడు: "అక్షరాలు తుడుస్తవు గద, గట్లనే నీ చెంప తుడువు. పాస్టరుగారు సూస్తరు."

సోమవారం అతను మహేశ్వరం పెళ్ళికి కెమెరా తీసుకుని పోయాడు. ఆమె తన ముఖాన్ని పెద్దది చేసింది. దెబ్బ చిన్న చిన్న గళ్ళుగా విడిపోయింది. ఊదా, నలుపు, అంచున పసుపు. దెబ్బ కూడా ఒకే రంగు కాదు. పక్కనున్న మంచి చర్మం ముక్క తీసి కప్పింది. అతుకు కనబడలేదు. రెండోది వేసింది. మూడోది వేసింది. చెంప నున్నగా అయింది. అందులో ఉన్నది పోయిన వారం ఏమీ జరగని మనిషి. తన పనితనానికి సునీలకు మొదటిసారి భయం వేసింది. ఇంకొక్క ముక్క వేస్తే ఇక వెనక్కి రాదు. జబ్బ మీద పాత మచ్చ, మెడ మీద గోటి గీత ఇంకా ఉన్నాయి. వేలు ఆగింది.

ఒకటి వెనక్కి నొక్కింది. రెండు. మూడు. దెబ్బ మొత్తం తిరిగొచ్చింది.

గోడకు తగిలించేంత పెద్దగా అచ్చు తీసింది. రోడ్డు వైపు అద్దాల బీరువాలో జంగయ్య విమానం ఫోటో పక్కన పెట్టి, తాళం వేసి, తాళంచెవి రొంటిన దోపుకుంది.

"ఏంది పిల్లా అది, తియ్యి! నలుగురు సూస్తే ఏమనుకుంటరు?" అంది మరియమ్మ గుమ్మంలోంచి. సునీల బీరువా అద్దం మీది దుమ్ము తుడిచింది.

బస్సు దిగి జంగయ్య తన ఫోటో కోసం వచ్చాడు. అద్దంలో తనను చూసుకుని నవ్వాడు. పక్క ఫోటో చూసి ఆగిపోయాడు.

"ఇదేంది బిడ్డా?"

"గదొక్కటి దిద్దలే, తాతా," అంది సునీల.