గోతి దగ్గర భోజనం

ఆ కొండ మీది శ్మశానానికి గోతులు తవ్వే యంత్రాలు ఎక్కవు. ఎవరు పోయినా ఇరుగుపొరుగు మగాళ్లే పారలు పట్టుకుని వస్తారు. కూలి అడిగేవాడుండడు, పోయినవాళ్ల ఇంటివాళ్లు కడుపునిండా పెడితే చాలు. ఆర్ఫా తమ్ముడు ఓకీ కోసం ఆరుగురొచ్చారు. అందులో డెన్సిల్ ఒకడు. ఓకీని కాల్చి చంపింది వాడే.

అడవిలో మంచి ధర పలికే జిన్సెంగ్ అనే మందు వేర్ల దగ్గర తగువు. ఈ చోటు నాదంటే నాదని ఇద్దరూ కలబడ్డారు. పట్టపగలు, మిగిలిన ఐదుగురూ అక్కడే వేర్లు తవ్వుకుంటున్నారు. తీరా షెరీఫ్ వచ్చి అడిగితే ఒక్కరికీ ఏమీ కనపడలేదట. సాక్షి లేకుండా నేనేం చేయనని ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. ఇంతమంది కళ్లు ఒకేసారి పోయాయా అని ఆర్ఫాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే మధ్యాహ్నం ఆమె ఉత్తచేతులతో కొండెక్కింది.

హార్లెస్ బాబాయ్ గోతిలోంచి తలెత్తాడు. "ఏమ్మా, బీన్స్ ఇంకా ఉడకలేదా?"

"ఉడికాయి. పొయ్యి మీదే ఉన్నాయి. చూసింది షెరీఫ్‌కి చెబుతానని ఒక్కడు నోరు తెరవండి, అందరికీ తెచ్చి పెడతా. లేదంటే మాడి చావండి!"

పారలు ఆగిపోయాయి. డెన్సిల్ మాత్రం వంచిన తల ఎత్తకుండా మట్టి ఎత్తిపోస్తూనే ఉన్నాడు.

"బాబాయ్, నువ్వు పక్కనే ఉన్నావు. చిన్నప్పుడు ఓకీని భుజాలకెత్తుకుని తిప్పావు. నువ్వైనా చెప్పవా?"

"వీడు జైలుకెళితే వీడి పిల్లల గతేంటమ్మా? చలికాలం నాకు కట్టెలు కొట్టిపెట్టేదెవరు? ఓకీ ఎటూ తిరిగిరాడు. మన గొడవలోకి ఆ షెరీఫ్ ఎందుకు, వాడేమైనా మనవాడా?"

"కట్టెల కోసమా! ఓ మోపు కట్టెలకి నా తమ్ముణ్ణి అమ్ముకున్నావా బాబాయ్?"

ముసలాయన మొహం తిప్పుకుని మట్టి తవ్వసాగాడు. మిగతావాళ్లు ఆమె మొహం వంక చూడలేక మళ్లీ పారలు అందుకున్నారు. తిట్టింది, ఏడ్చింది, పేరుపేరునా బతిమాలింది. ఖాళీ కడుపులతోనే గొయ్యి పూర్తి చేసేలా ఉన్నారు. ఏం మనుషులు వీళ్లు! ఆకలికైనా నోరు తెరుస్తారనుకున్న తన తెలివికి తనే నెత్తిన మొట్టుకోవాలనిపించింది ఆర్ఫాకు.

అంతలో డెన్సిల్ పెళ్లాం లూవీనా పెద్ద గిన్నె, మొక్కజొన్న రొట్టెల బుట్ట మోసుకుంటూ పైకి వచ్చింది. గోతిలోంచి ఒక్కొక్కరే ఎక్కి, చేతులు ప్యాంట్లకు తుడుచుకుని, సిగ్గుపడుతూనే కూర్చున్నారు. లూవీనా అందరికీ పెట్టి, ఒక కంచం ఆర్ఫా దగ్గరికి తెచ్చింది.

"నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదటగా. కాస్త ఎంగిలిపడక్కా."

"నీ మొగుడేం చేశాడో తెలిసే తెచ్చావా?"

లూవీనా గొంతు తగ్గించింది. "తెలుసక్కా. ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చాడు. ఆ నెత్తురు చొక్కా ఉతికింది నేనే."

కొండంతా తిరిగి అడుక్కున్నా దొరకని మాట అది. ఆర్ఫా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఆ ముక్క షెరీఫ్ దగ్గర చెప్పవే. నీ కాళ్లు పట్టుకుంటా."

లూవీనా మెల్లగా చెయ్యి విడిపించుకుని, ఆర్ఫా చేతుల్లోనే కంచం పెట్టింది.

"తినక్కా, చల్లారిపోతోంది."

అవతల నుంచి హార్లెస్ బాబాయ్ ఇంకో రొట్టె ముక్క ఉందా అని అడుగుతున్నాడు.