డిక్షనరీ మాస్టారి అలారం

డిక్షనరీ మాస్టారికి ఒక పద్ధతి ఉంది. ఏ ఇంగ్లీషు మాటకైనా తెలుగులో అర్థం రాయాలంటే ముందు ఆ వస్తువు ఆయన చేతికి రావాలి. లేకపోతే కలం కదలదు. విజిల్ అనే మాట వచ్చినప్పుడు ఒకటి కొనుక్కొచ్చి వారం రోజులు ఇంట్లో ఊదారు. తాళాల సంగతి రాసేటప్పుడు తలుపులన్నిటికీ తలో రకం తాళం పెట్టించి, చివరికి స్నానాలగదిలో తానే ఇరుక్కుపోయారు. ఈసారి డిక్షనరీ అచ్చువేసే ప్రెస్సు యజమాని ఆపదలకి సంబంధించిన మాటలు అప్పజెప్పాడని తెలిసి ఆయన భార్య హడలిపోయింది.

"ఏవండీ, బాంబు మాత్రం ఇంకెవరికైనా ఇప్పించండి" అని బతిమాలింది.

బాంబు గండం గడిచింది కానీ అలారం దగ్గర బండి ఆగిపోయింది. మొదట 'హెచ్చరిక' అని రాసి కొట్టేశారు. హెచ్చరిక నోటితో కూడా చేస్తారు కదా! 'ఆపద సూచన' అని రాశారు. ఎర్రజెండా కూడా ఆపద సూచనే, అదేమైనా మోగుతుందా? 'గంట' అంటే, బడిగంట మోగితే పిల్లలు గంతులేస్తూ ఇంటికి పోతారు, అందులో ఆపదేముంది? 'కలవరం', 'ఉలికిపాటు' అంటే అవి అలారం విన్నాక కలిగేవి. ఇలా కాదని ఎదురింటి కింద గడియారాలు బాగుచేసే అతని దగ్గర ఒక అలారం గడియారం కొన్నారు. నెత్తిన రెండు గంటలు, మధ్యలో చిన్న సుత్తి ఉన్న పాతకాలపుది.

ఆ గడియారం ఒక్కరోజు కూడా మోగలేదు. అది మాస్టారి మాట. వీధిలో వాళ్ళు మాత్రం తెల్లారేసరికి దుప్పట్లు చెవుల మీదికి లాక్కుంటున్నారు. వారం రోజులు చూసి ఆయన గడియారం చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళారు.

"ఏమయ్యా, మోగని గడియారం అంటగట్టావేం?"

అతను కీ తిప్పి మోగించాడు. పక్కన టీ తాగుతున్న మనిషి ఉలిక్కిపడి షర్టు మీద ఒలకబోసుకున్నాడు. మాస్టారి మొహంలో మాత్రం కదలిక లేదు.

"చూశావా, లోపల ఏదో గరగరమంటోంది, అంతే" అన్నారాయన.

దుకాణం మనిషి ఆయన్ని ఎగాదిగా చూశాడు. పెద్దవాళ్ళతో వాదన ఎందుకని ఇంకో గడియారం ఇచ్చాడు. అదీ మోగలేదు. మూడోది ఊరికే ఇచ్చాడు, పీడ వదిలిపోతుందని. వదల్లేదు.

అయినా మాస్టారికి దిగులేం లేదు. ఎందుకంటే గడియారం మోగకపోయినా ఆయన సరిగ్గా వేళకే లేచేవారు. "నా ఒంట్లోనే ఒక గడియారం ఉందోయ్" అని ప్రెస్సులో అందరికీ చెప్పుకునేవారు. ప్రెస్సులో కూడా ఈ మధ్య అందరూ కేకలేసి మాట్లాడుతున్నారు. ఈ కాలం వాళ్ళకి మర్యాద తెలియదని సరిపెట్టుకున్నారు. ఇంట్లోనేమో భార్య గొణుగుతున్నట్టు మాట్లాడుతోంది. వయసు మీదపడి గొంతు తగ్గిందేమో పాపం అనుకున్నారు.

ఆవిడ చెప్పకేం, చెప్పింది. చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. "ఏవండీ, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం. మీకు వినపడటం లేదు."

"నాకా? గోడ అవతల చీమ నడిచినా వినపడుతుంది!"

ఆ తరువాత ఆవిడ ఊరుకుంది. మనిషిని మార్చొచ్చు కానీ, మనిషి పంతాన్ని ఎవరు మార్చగలరు? రోజూ గడియారం గోలపెట్టగానే లేచి దాని నోరు నొక్కేసి, ఆయన కాలి బొటనవేలు ఒక్కసారి పట్టుకు గుంజి, ఆయన కళ్ళు తెరిచేలోపు వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆయన ఒంట్లో ఉన్న గడియారం అదే.

అలారానికి అర్థం కూడా ఈలోగా తేలిపోయింది. తెల్ల కాగితం మీద మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశారు: 'ఆపదనో సమయాన్నో తెలిపేందుకు అమర్చిన పరికరం. అవసరమైనప్పుడు మోగకపోవడం దీని లక్షణం.' రాసుకున్నది చూసుకుని మురిసిపోయారు.

సరిగ్గా ఆ వారమే భార్య అక్కగారికి కంటి ఆపరేషన్ అయింది. ఆవిడ తోడుకి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడ బయల్దేరే రోజే ప్రెస్సు యజమాని కబురుపెట్టాడు. పెద్ద నిఘంటువు పని మొదలవుతోందట. దానికి సంపాదకుడు ఎవరో తేల్చేసి మర్నాడు ఉదయమే యజమాని ఊరికి ప్రయాణమైపోతాడట. తొలి బస్సుకి వచ్చి అలారం కాగితం చూపిస్తే కుర్చీ మాస్టారిది. రాకపోతే సహాయ సంపాదకుడిది. ఆ కుర్చీ కోసం మాస్టారు సగం జీవితం ఎదురుచూశారు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"పొద్దున్నే ఎలా లేస్తారండీ?" అంది భార్య, గుమ్మంలో సంచి పట్టుకుని, ఆయన ఎదురుగా నిలబడి, గట్టిగా.

"ఒంట్లో గడియారం ఉండగా నాకేం భయం? నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా."

ఆవిడ సంచి భుజాన వేసుకుంది. మెట్లు దిగి, బస్సు వైపు వెళ్ళాల్సింది, ఎదురు దుకాణం వైపు తిరిగింది. మాస్టారు అది చూశారు కానీ పట్టించుకోలేదు.

ఆ రాత్రి ఎందుకైనా మంచిదని మూడు గడియారాలూ బల్ల మీద వరసగా పెట్టుకుని పడుకున్నారు.

కాలి బొటనవేలు ఎవరో గుంజారు. మాస్టారు కళ్ళు తెరిచారు. భార్య కాదు! మంచం చివర గడియారాల మనిషి, చేతిలో ఈ ఇంటి తాళంచెవి. గుమ్మంలో వీధి వీధంతా, జుట్టు చెదిరి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని.

"ఏమిటయ్యా ఇది? మా ఇంట్లో నీకేం పని?"

"అమ్మగారు చెప్పి వెళ్ళారు మాస్టారూ" అని అతను అరుస్తున్నాడు. "బొటనవేలు గుంజాలట, రోజూ ఆవిడే గుంజేవారట!"

మాస్టారు బల్ల వైపు చూశారు. మూడు గడియారాల మీదా మూడు చిన్న సుత్తులు గంటల్ని పిచ్చిపట్టినట్టు బాదుతున్నాయి. ఆ అదురుకి ఒక గడియారం బల్ల అంచుదాకా జరిగిపోయింది. గది మాత్రం నిశ్శబ్దంగా ఉంది. ఆయన చెయ్యి చాచి ఒక గంటని పట్టుకున్నారు. అరచేయి జివ్వుమంది. ఆయనకి భయం వేసింది. అంత భయం ఆయన ఎప్పుడూ ఎరగరు.

బస్సు అందింది. యజమాని కారు ఎక్కబోతూ ఆగి, కాగితం అందుకుని చదివి, నోరు తెరిచాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది తప్పండి, తిరిగి రాస్తాను. ఇంకొక మాట. నాకు వినపడదు. కుర్చీ ఎవరికివ్వాలో మీరే ఆలోచించుకోండి."

యజమాని నిట్టూర్చి, ఆయన చెవి దగ్గరికి వంగి, గొంతెత్తి అరిచాడు. "అది మా అందరికీ తెలుసు మాస్టారూ! తెలిసే పిలిచాను, కుర్చీ మీదే!"

మాస్టారి మొహం ఎర్రబడింది. "మరి నాకెవరూ చెప్పలేదేం?"

"ఎన్నిసార్లు చెప్పాం!"

భార్య తిరిగొచ్చేసరికి గడియారాలు మూడూ ఎదురు దుకాణానికి చేరుకున్నాయి. బల్ల మీద తిరిగి రాయాల్సిన అలారం కాగితం ఇంకా ఖాళీగా ఉంది. మాస్టారు కాఫీ కలిపి ఆవిడ చేతికిచ్చారు. అది ఆ ఇంట్లో కొత్త సంగతి.

"నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. చెవికి మిషన్ పెట్టుకోవాలట" అన్నారు. "అది పెట్టుకుంటే గంటలూ అవీ అన్నీ వినపడతాయట."

"మంచిదే కదండీ" అందావిడ, ఆయన ఎదురుగా వచ్చి. "ఇంక నాకు ఆ బొటనవేలి పని తప్పింది."

మాస్టారు ఆవిడ పెదవుల్ని జాగ్రత్తగా చూసి అర్థం చేసుకున్నారు.

"పడుకునేటప్పుడు మిషన్ తీసేయాలట" అన్నారు.