మలుపు దగ్గరి రెండు గూళ్లు

మా అత్తగారు పెలాయియా కారెక్కిందంటే ఒళ్లో ఆలివ్ నూనె సీసా, నోట్లో నా డ్రైవింగు మీద వ్యాఖ్యానం. గట్టిగా తొక్కితే సముద్రంలో పడేస్తానంటుంది, మెల్లగా పోతే గాడిద నయమంటుంది. ఏటా ఆవిడ తమ్ముడు పోయిన రోజున కలమాతా పట్నం నుంచి లిమేని రేవు దాకా, కింద సముద్రం ఉన్న కొండ అంచున ఇలా చీవాట్లు తింటూ నడపడం నా వంతు.

తమ్ముడి పేరు లికుర్గోస్. లిమేని ఇంకాస్త దూరముందనగా ఒక మలుపులో లారీతో సహా లోయలో పడిపోయాడు. అక్కడ రోడ్డు పక్కన, ఇనుప కాలు మీద నిలబెట్టిన చిన్న రేకు గూడు ఉంది, మా వైపు రోడ్డు మీద పోయినవాళ్లందరికీ ఉన్నట్టే. లోపల పునీత నికోలస్ పటం, నూనె దీపం. దీపం ఆరిపోతే పోయినవాడు చీకట్లో తడుముకుంటాడని అత్తగారి బాధ. ఏడాదికోసారి వెలిగిస్తే ఆ దీపం ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా ఈసారి ఆవిడ కళ్లు బాగా మసకబారాయి. వచ్చే ఏడు రాలేనేమో అని దారిలో కార్దమిలి ఊరు దాటేలోపే రెండుసార్లు అంది. నేనొచ్చి వెలిగిస్తానన్నాను.

"రోజూ పొయ్యి మీద కాఫీ పొంగబెట్టేదానివి, నా తమ్ముడి దీపం నువ్వు చూస్తావుటే?" అంది.

గేరు మార్చాను. అబద్ధమైతే కదా కోపం తెచ్చుకోవడానికి.

మలుపు దగ్గర ఒకటి కాదు, రెండు గూళ్లున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పనివాళ్లు రెండింటినీ పీకి, పనయ్యాక తెచ్చి పక్కపక్కనే పాతారు. ఒకే రేకుపనివాడు చేసినవి, లోపలి పటంతో సహా కవల పిల్లల్లా ఉంటాయి. మాది తుప్పు పట్టింది. పక్కది మాత్రం ఎప్పుడు చూసినా తళతళలాడుతూ ఉంటుంది, లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది. దాన్ని చూసి అత్తగారు ఏటా కుళ్లుకుంటుంది. చచ్చినా రాసిపెట్టి ఉండాలి, వాడికి నా అన్నవాళ్లున్నారు అని గొణుగుతుంది.

ఈసారి మా దీపం వెలిగించాక నాకే ఉండబట్టలేదు. రోజూ దీపం పెట్టించుకుంటున్న ఆ మహానుభావుడెవరో చూద్దాం పదండన్నాను. ఒకరి గూడు తెరవడం తప్పే అంటూనే అత్తగారు నాకంటే ముందు నడిచింది. అద్దం తలుపు తీసి, కళ్లు ఆనక, చెయ్యి లోపల పెట్టి తడిమింది. పటం వెనక నుంచి, మగవాళ్లు చేతిలో తిప్పుకునే పూసల దండ వచ్చింది. ఒక పూస ఉండాల్సిన చోట కోటు బొత్తాం ఉంది. ఆవిడ వేళ్లు దాని మీద ఆగిపోయాయి.

"ఇది నేను కుట్టిన బొత్తామే" అంది.

ఆ దండ లికుర్గోస్‌ది. ఆవిడే వాడి గూట్లో పెట్టింది. రోడ్డు పని తర్వాత కనపడకపోయేసరికి, ఎత్తుకుపోయినవాడి చేతులు పడిపోనూ అని అప్పటినుంచీ తిడుతూనే ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు, గూళ్లే తారుమారయ్యాయని నాకు అప్పుడు తట్టింది. మరి ఇన్నేళ్లూ మేం ఏడ్చింది ఎవరి కోసం?

అంతలో పై తోటలోంచి ఒక మనిషి నూనె డబ్బా పట్టుకుని దిగి వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి, పేరు పాంతెలిస్ అట. పునీతుడి ఇంట్లో చేతులెందుకు పెట్టారని నిలదీశాడు. నేను జరిగింది చెప్పి, ఇక్కడ పోయింది మీవాళ్లెవరని అడిగాను.

"ఎవరూ పోలేదమ్మా. బండితో దొర్లి పడింది నేనే. బతికి బయటపడ్డానని మొక్కు తీర్చుకుని ఈ గూడు పెట్టించాను. ఈ దండ ఎవరో భక్తులు పెట్టారనుకున్నా."

అత్తగారు అతని భుజాలు, చేతులు తడిమి చూసింది.

"అయితే ఇన్నేళ్లూ నేను శోకాలు పెట్టింది నీకా నాయనా?" అంది. బతికున్నవాడికి కీడు తగలకూడదని మూడుసార్లు తు తు తు అని దిష్టి తీసింది. అంత మనిషీ చంటిపిల్లాడిలా తల వంచి తీయించుకున్నాడు.

తర్వాత ఆవిడ గొంతు మారింది. "నువ్వు రోజూ వస్తావా?"

"రోజూ. నాకు జ్వరమొస్తే మా ఆవిడ వస్తుంది. ఆరనివ్వం."

అత్తగారు దండను గుండెకు అదుముకుని నిలబడ్డచోటే ఏడ్చేసింది. ఏటా ఏడ్చే ఏడుపు కాదది, నాకు తేడా తెలుసు.

"నా తమ్ముడు ఒక్కరోజు కూడా చీకట్లో లేడే" అంది నాతో.

గూళ్లు మార్చి పాతించమంటారా అని పాంతెలిస్ ఇబ్బందిపడుతూ అడిగాడు. ఆవిడ దండను పటం వెనక మళ్లీ సర్ది, తలుపు మూసి, తన నూనె సీసా అతని చేతిలో పెట్టింది.

"ఉన్నచోటే ఉండనీ. నీ గూటికి పట్టిన తుప్పు మా కోడలు తోముతుంది. దీపం సంగతంటావా, నువ్వు బతికున్నావు, నీకు సూర్యుడున్నాడు."

తిరుగు దారిలో మలుపులన్నీ నా ఇష్టమొచ్చినట్టు తిప్పాను. కార్దమిలి దాటినా ఒక్క తిట్టూ రాలేదు. ఏమైందా అని పక్కకి చూశాను. ఖాళీ ఒళ్లో చేతులు పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతోంది.