ఎడమచేతికి లొంగని పరికరం

నేను ఒక నీడిల్ హోల్డర్‌ని. చూసినవాళ్ళంతా కత్తెర అనుకుంటారు. నాకు పదును లేదు, కోసే బుద్ధి అంతకన్నా లేదు. ఆపరేషన్ చివర కుట్లు వేసేటప్పుడు వంకర సూదిని గట్టిగా పట్టుకోవడం, అవసరం తీరగానే వదిలేయడం, ఇవే నా పనులు. పట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. వదలడం దగ్గరే మనుషులకూ నాకూ పేచీ.

పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. రఫీక్ అనే పెద్దాయన, సూదిని పట్టాక జారకుండా బిగిసే నా లాకు పళ్ళను ఆకురాయితో అరగదీసి, చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు టిక్కుమనిపించి, తృప్తిగా తలాడించాడు. ఆయనది కుడిచేతివాటం. కుడి బొటనవేలు బయటికి తోస్తే ఊడేలా నా లాకు బిగించాడు. ఎడమచేతివాటం వాళ్ళు కూడా లోకంలో ఉంటారని నాకెవరూ చెప్పలేదు.

అక్కడి నుంచి ఓడెక్కి కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవికి, అక్కడి పశువైద్య కళాశాలకు చేరాను. పాఠం మధ్యలో కిటికీలోంచి గాడిదలు తొంగిచూసే చోటు అది. పై తరగతివాళ్ళు దీవి వదిలి వెళ్ళేటప్పుడు తమ పరికరాలను కింది తరగతివాళ్ళకు ఇచ్చిపోవడం అక్కడ ఆనవాయితీ. ట్రినిడాడ్ కుర్రాడు కెరాన్ నన్ను రెండేళ్ళు వాడుకుని, తణుకు నుంచి వచ్చిన హిమజకు అందించాడు. ఆ పిల్ల గబుక్కున ఎడమచెయ్యి చాచి, చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుని, కుడిచేత్తో తీసుకుంది. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

కుట్లు నేర్చుకునేది అరటితొక్కల మీద. కోసిన తొక్కను చిరగకుండా మళ్ళీ కలిపి కుట్టాలి. హిమజ కుడిచేత్తో నన్ను బిగించి పట్టుకునేది, చెమటలు పట్టేవి, తొక్క కాస్తా రెండు ముక్కలయ్యేది. గదిలో రోజూ అరటిపళ్ళే భోజనం. మొదటి పరీక్ష తప్పింది. రెండోది బతికున్న కుక్క మీద. అదీ తప్పితే ఆ ఏడాది మొత్తం మళ్ళీ చదవాలి. పెప్పర్ అనే ఆడ వీధికుక్కను ఆమెకు అప్పగించారు. పిల్లలు పుట్టకుండా దానికి ఆపరేషన్ చేసి, కుట్లు మానేదాకా గదిలోనే ఉంచుకుని చూసుకోవాలి. నాలుగు రోజుల్లోనే అది హిమజ చెప్పుల మీద తలపెట్టి పడుకోవడం మొదలుపెట్టింది. ఆమె భయం రెట్టింపయింది.

ఒక సాయంత్రం హిమజ తన గదిలో ఉండే కరీంనగర్ పిల్ల సుజల కోటుకు ఎడమచేత్తో గుండీ కుట్టింది. "ఎడమచెయ్యి, ఏమనుకోకే" అంటూ ఆ చేత్తోనే ఇచ్చింది.

సుజల గుండీని పట్టి పట్టి చూసింది. "ఏందే ఇది? ఎడమచేత్తోని ఇంత మంచిగ కుడుతవ్. మరి ఆ అరటితొక్క మీద కుడిచేత్తోని ఎందుకు పీకులాడుతున్నవ్?"

"గుండీ అంటే పర్లేదే. ప్రాణం ఉన్నదాని మీద ఎడమచెయ్యి ఎలా వేస్తాను? ఎడమచేత్తో మంచినీళ్ళిస్తే మా నాయనమ్మ ముట్టుకునేది కాదు, తెలుసా!"

"కుక్కకేం తెలుస్తదే నీది ఏ చెయ్యో? దానికి నొప్పి లేకుంట కుడితే సాలు."

హిమజ ఆ రాత్రే నన్ను ఎడమచేతిలోకి తీసుకుంది. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా కదిలిందో! కానీ సూది దిగాక నేను వదల్లేదు. ఆమె తోసినకొద్దీ నా లాకు ఇంకా బిగిసింది. "చూశావా, ఇది కూడా నాయనమ్మ పార్టీయే" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. ఇనుము కరగదంటారు గానీ, ఆ క్షణాన నాకు నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు సుజల ఆమెను రెక్కపట్టుకుని శస్త్రచికిత్స నేర్పే డాక్టర్ బాస్కమ్ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. ఆయన సొరుగు తీసి ఎడమచేతి నీడిల్ హోల్డర్ ఒకటి బయటికి తీశాడు. "నాది. నువ్వు అడగనేలేదే!" అన్నాడు. నన్ను మాత్రం మానేయలేదు హిమజ. వారం రోజులు దానితో ఒక తొక్కా, నాతో ఒక తొక్కా కుట్టింది. బొటనవేలిని తోయకుండా అరచేతి వైపు లాగితే నేను వదులుతానని తనే కనిపెట్టింది.

పరీక్ష రోజు ట్రేలో మేమిద్దరం ఉన్నాం. కుట్లు ఆ కొత్తదానితోనే సాఫీగా సాగాయి. ఇంకా మూడు కుట్లున్నాయనగా అది జారి నేలమీద పడింది. నేల తాకితే క్రిములంటుకున్నట్టే, ఇక పనికిరాదు.

"ఎడమచేతిది ఇంకొకటి లేదు. కుడిచేత్తో ముగిస్తావా?" అన్నాడు డాక్టర్ బాస్కమ్.

హిమజ మత్తులో ఉన్న పెప్పర్ వైపు చూసింది. "లేదండి. ఇదీ ఎడమచేత్తోనే" అని నన్ను తీసుకుంది. సూది దిగింది. ఆమె బొటనవేలిని లోపలికి లాగింది. టిక్. వదిలాను. మూడుసార్లూ వదిలాను.

పన్నెండు రోజులకు పెప్పర్ కడుపు మీద సన్నని గీత మాత్రం మిగిలింది. హిమజ పాసైంది.

చదువు పూర్తయి నిన్న ఆమె దీవి వదిలి వెళ్ళింది. పెప్పర్‌ను కూడా తీసుకెళ్ళింది. వెళ్ళేముందు నన్ను బాపట్ల నుంచి కొత్తగా వచ్చిన వైష్ణవికి ఇచ్చింది. ఎడమచేత్తోనే ఇచ్చింది. ఏమనుకోకు అనలేదు.