చనుబాల సమ్మె

మేస్త్రీ బొజ్జన్న తన్నిన తన్నుకు ఉగ్గుగిన్నె ఎగిరి కంకర కుప్ప మీద పడింది. అందులో ఉన్నవి లక్ష్మక్క చనుబాలు. సుత్తి పక్కన పెట్టి, రాళ్ల చాటున కూర్చుని, పిండి పిండి పట్టిన పాలు. ఎండకు కాలిన కంకర వాటిని మేము చూస్తుండగానే తాగేసింది. ఒక తడి మచ్చ మిగిలింది. అదీ ఆరిపోయింది.

"పని కాడ ఈ నాటకాలేంది?" అని అరిచాడు బొజ్జన్న. "లేచి కొట్టండి!"

మేమంతా సుత్తులెత్తాం. కొట్టాం. నేనూ కొట్టాను. నా పేరు ప్రకాశం. కూలి సంఘం పెట్టడానికి వచ్చి, ఆ గుంపులోనే రాళ్లు కొట్టిన మనిషిని. చెమటోడ్చే అన్నలారా, చదువుకునే తమ్ముళ్లారా, ఇది నా కళ్ల ముందు జరిగింది.

కర్నూలు కొత్తగా రాజధాని అయింది. పత్తికొండ తట్టు మాకు మాత్రం ఆ ఏడు కూడా వాన రాలేదు. జొన్న మొలవలేదు. పశువులను సంతకు తోలేసి, కాపోళ్లూ మాలోళ్లూ ఒకే రోడ్డు మీద కంకర కొట్టడానికి వచ్చారు. మంత్రి కారు ఆ దారినే వస్తుందట. అందుకని కాంట్రాక్టరు సుబ్బయ్యకు తొందర. ఆయన రాజంపేట తట్టు భూస్వామి. పిల్లతల్లులకు ఆయన పెట్టిన కట్టడి ఒకటే: మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఎవరూ బిడ్డ దగ్గరికి పోకూడదు. లేచినవాళ్లకు ఆ పూట గంజి లేదు.

బిడ్డలకు ఏం పెట్టాలి? దానికీ ఆయన దగ్గర జవాబుంది. కరువు సాయం కింద వచ్చిన పాలపొడి డబ్బాలు డేరాలో ఉన్నాయి. గుంటలోంచి తెచ్చిన నీళ్లలో, కాచకుండానే, ఆ పొడి కలిపి, ఒక ముసలామె చేత పసివాళ్ల నోట్లో పోయించేవాడు. లక్ష్మక్క కొడుకు ఆ పాలే తాగాడు. నీళ్లవిరేచనాలు పట్టుకుని వడలిపోయి, వేలాడిపోయి చచ్చిపోయాడు. వాడిని పూడ్చి వచ్చి ఆమె మళ్లీ సుత్తి పట్టింది. రవిక మీద పాలు కారుతూనే ఉన్నాయి.

ఆ వారంలోనే మాలగేరి ఉరుకుందమ్మ కంకర గంప ఎత్తబోయి నడుం పట్టుకుని కూలబడింది. ఏడో నెల. రాళ్ల మధ్యనే కాన్పయింది. ఆడపిల్ల. చర్మం కింద నరాలు కనపడుతున్నాయి. ఏడుపు పిట్టకూతలా ఉంది. చన్ను నోటికిస్తే పట్టుకునే బలం లేదు.

పిల్లను బట్టలో చుట్టబోతే సోమక్క అడ్డం వచ్చింది. ఆమెకూ పాలు తాగే బిడ్డ ఉంది.

"గుడ్డలొద్దు మే. రొమ్ముల నడుమ ఏసుకో. నీ ఒంటి వేడి తగలాల. పాలు గిన్నెలోకి పిండి, బొట్టుబొట్టు పోయి. తొందర పడొద్దు."

ఉరుకుందమ్మ పిండుకుంది. ఏమీ రాలేదు. గంజినీళ్లు తాగే ఒంట్లో పాలెక్కడివి? అప్పుడే లక్ష్మక్క గిన్నె అందుకుని, అటు తిరిగి కూర్చుంది.

ఆమె మొగుడు నరసన్న ఉరికి వచ్చాడు. "ఏం చేస్తాండావే? మాలోళ్ల పిల్లకు పాలిస్తాండావని తెలిస్తే ఊర్లో మనల్ని బావి కాడికి రానిస్తారా?"

"మన బావిలో నీళ్లు యాడుండాయి?" అంది లక్ష్మక్క, తల తిప్పకుండానే.

అట్లా పట్టిన పాలతోనే ఆ పసిగుడ్డు కొన్నాళ్లు ఊపిరి నిలుపుకుంది. ఆ గిన్నెనే బొజ్జన్న తన్నాడు.

ఆ సాయంత్రం పని దిగాక రాళ్ల గుట్ట దగ్గర అందరం చేరాం. సమ్మె చేద్దామన్నాను. సంఘం నేర్పిన మాటలన్నీ చెప్పాను. ఎవరూ తలెత్తలేదు.

చివరికి అయ్యన్న లేచాడు. "ఏమప్పా ప్రకాశం, గంజి ఆపేస్తే ఏం చేస్తావు? మా ఇంట్లో బతికుండే పిల్లోళ్లుండారు. ఆ గుడ్డు ఎట్లా దక్కదు. సచ్చేదాని కోసం బతికేటోళ్లను సంపుకుంటామా?"

లక్ష్మక్క నెమ్మదిగా మాట్లాడింది.

"నా పిల్లోడు బతికుండంగ నాకు పాలుండె. వాడు ఆడ ఏడుస్తాంటే నేను ఈడ రాళ్లు కొడతాంటి. ఇప్పుడూ పాలుండాయి, వాడు ల్యాడు. అయ్యన్నా, నీ పిల్లోళ్లకు రేపు ఆ పొడి పోస్తారు. అప్పుడు నువ్వు వచ్చి నన్ను అడుగు, ఎట్లుంటాదో చెప్తా."

అయ్యన్న కూర్చుండిపోయాడు.

మర్నాడు బొజ్జన్న కేకేసినప్పుడు పిల్లతల్లులెవరూ సుత్తి ముట్టలేదు. బిడ్డలను ఎత్తుకుని పోయి రోడ్డుకడ్డంగా కూర్చుని చన్నిచ్చారు. వాళ్ల వెనుక మేమంతా నిలబడ్డాం. బిడ్డ ఏడిస్తే తల్లి లేవచ్చు, లేచినందుకు గంజి ఆపకూడదు, బాలింతకు నీడ వెయ్యాలి. మేమడిగింది ఇంతే.

సుబ్బయ్య జీపు దిగి మెత్తగా మాట్లాడాడు. "ఏమ్మా, పాలపొడి ఇస్తాండాం గదా? మీ రొమ్ముల్లో ఏముండాదని ఈ యాగీ?"

సోమక్క తొట్టిలో పోసి ఉంచిన ఆ గుంటనీళ్లే చెంబుతో ముంచి ఆయన ముందు పెట్టింది. "సామీ, పొడి కలిపేది ఈ నీళ్లల్లోనే. ముందర నువ్వు ఒక గుక్క తాగు."

ఆయన చెంబు వైపు చూశాడు. తాగలేదు. బొజ్జన్నతో, "గంజి పొయ్యి ఆర్పు," అని జీపెక్కాడు.

పొయ్యి ఆరింది. మొదట్లో పాటలు పాడాం. తర్వాత పాడే గొంతుల్లేవు. తుమ్మకాయలు ఏరుకొచ్చి ఉడకేసుకున్నాం. అయ్యన్న తలగుడ్డ మొఖానికి కప్పుకుని పనిలోకి పోయాడు. ఆయన వెనుక ఇంకొందరు పోయారు. ఆకలికి ఓడినవాణ్ని నేను తిట్టలేను. మీరూ తిట్టకండి. లక్ష్మక్క పిండుకుంటే గిన్నె అడుగు కూడా తడవడం లేదు. సోమక్క సొంత బిడ్డ చన్ను పీకి పీకి ఏడుస్తోంది. అయినా ఇద్దరూ వచ్చి, వచ్చిన నాలుగు బొట్లూ ఆ పసిదాని నోట్లో వేసిపోయేవాళ్లు.

ఒక పొద్దున ఉరుకుందమ్మ లేవలేదు. ఎండ మీదికొచ్చినా బిడ్డను కొంగు కింది నుంచి తియ్యనివ్వలేదు.

"వెచ్చగానే ఉండాది," అంటోంది.

ఆ వెచ్చదనం ఆమె ఒంటిదే. బిడ్డ ఎప్పుడో చనిపోయింది. తండ్రి చిన్న ఈరన్న గొయ్యి తవ్వడానికి పార వెతుక్కుంటుంటే సోమక్క ఆపింది.

"అప్పుడే మట్టిలో ఎట్లా పెడతాం? ముందర ఆ సుబ్బయ్యకు సూపించాల."

బిడ్డను తెచ్చి రోడ్డు రోలరు ముందర కంకర మీద పడుకోబెట్టారు. రోలరు ఆగింది. పనిలోకి పోయినవాళ్ల సుత్తులూ ఆగాయి. అయ్యన్న వచ్చి, తలగుడ్డ తీసి బిడ్డ మీద ఎండ పడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి పోలీసు లారీ వచ్చింది. లాఠీలు లేచాయి. నన్ను, లక్ష్మక్కను, సోమక్కను లారీలోకి ఎక్కించారు. సోమక్క చంకలో బిడ్డ ఉంది.

"పిల్లోళ్లు స్టేషన్‌కు వద్దు," అన్నాడు జమాదారు.

"పాలు తాగే బిడ్డప్పా!" అని సోమక్క రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. పెనుగులాటలో ఆమె గాజులు పగిలాయి. బిడ్డను లాగి కింద ఉన్న ఆడవాళ్ల చేతుల్లోకి తోశారు. లారీ కదిలింది. సోమక్క లారీ చెక్కకు తల కొట్టుకుంటోంది.

మా డిమాండ్లలో ఒక్కటీ నెగ్గలేదు. ఎండలు ముదరకముందే రోడ్డు పూర్తయింది. మంత్రి కారు దాని మీద నడిచింది. ఇది మీకు దాచి చెప్పడం నాకు చేతకాదు.

కానీ లారీ వెనుక నుంచి నేను చూసింది, తర్వాత ఆడవాళ్లు చెప్పగా విన్నది కూడా చెప్పాలి. ఉరుకుందమ్మ లేచింది. నిలబడటానికే ఓపిక లేని మనిషి. సోమక్క బిడ్డను తీసుకుని రోడ్డు నడిమధ్యకు పోయి కూర్చుంది. రవిక ముడి విప్పింది. పాలున్నాయో లేవో ఆమెకే తెలియదు. బిడ్డ పట్టుకుంది. ఏడుపు ఆగింది.

బొజ్జన్న కర్ర ఎత్తి పరుగెత్తుకొచ్చాడు. "లేయే! లే ఈన్నుంచి!"

"దీని కడుపు నిండాల," అంది ఉరుకుందమ్మ. "అందాంక లేయను."

ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు.