క్యారమ్ బోర్డు మీద పట్టుగూళ్ళు

నేను ఒక క్యారమ్ బోర్డును. ఆటకు పనికిరానని తీసేశాక డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పడానికి పనికొచ్చాను. గొప్పలు పోతున్నాననుకోకండి. చెప్పింది షంషాద్ మేడమ్, నేను బల్ల మీద ఉన్నానంతే. ఆ మాత్రం పని దొరకడమే నా అదృష్టం.

గుంతకల్లులో ఓబులాచారి అనే వడ్రంగి నన్ను చేశాడు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, నునుపు వచ్చిందో లేదో చెంప ఆనించి చూసేవాడు. అంత ముద్దుగా నన్ను మళ్ళీ ఎవరూ చూడలేదు. అక్కణ్ణుంచి ఒక క్లబ్బుకు వెళ్ళాను. ఇంట్లో నోరెత్తని పెద్దమనుషులు నా దగ్గరికి వచ్చి మాత్రం తెగ అరిచేవాళ్ళు. ఓడినవాడు ప్రతిసారీ 'బోర్డు బాగాలేదు' అనేవాడు. గెలిచినవాడు ఒక్కసారైనా బోర్డు బాగుందని అన్న పాపాన పోలేదు. అయినా వాళ్ళ మీద నాకు కోపం లేదు. టీ ఒలికితే సొంత తువ్వాళ్ళతో తుడిచినవాళ్ళే.

క్లబ్బు మూతపడ్డాక హిందూపురంలో ఒక మహిళా కళాశాలకు చేరాను. కొన్నాళ్ళకు ఒక అంచు పగిలి, స్ట్రైకరు తిన్నగా పోవడం మానేసింది. పాత సామాన్లవాడు నన్ను తిరగేసి చూస్తుండగా అటుగా షంషాద్ మేడమ్ వచ్చారు.

"అయ్యో, దీన్ని ఇయ్యొద్దండి. నాకు క్లాసులోకి కావాల" అని నన్ను వెనక్కి లాక్కున్నారు. ఈ రోజు వరకూ నేను పొయ్యిలో పడకుండా ఉన్నానంటే ఆ తల్లి చలవే.

ఆవిడ నన్ను బల్ల మీద పరిచి, ఒక్కో అమ్మాయికి ఒక్కో కాయిన్ ఇచ్చారు. కింది అంచు వెంబడి ఎడమ నుంచి కుడికి మనిషి ఎత్తు. పక్క అంచు వెంబడి కింది నుంచి పైకి చెప్పు పొడవు. పిల్లలు చెప్పులు విప్పి, నవ్వుకుంటూ కొలుచుకుని, ఎవరి కాయిన్ వాళ్ళ చోట పెట్టారు. దీన్నే స్కాటర్ ప్లాట్ అంటారన్నారు మేడమ్. తర్వాత సగటు ఎత్తు దగ్గర నిలువుగా ఒక దారం, సగటు చెప్పు దగ్గర అడ్డంగా ఒక దారం లాగారు. నేను నాలుగు గదులయ్యాను.

"కుడి పై గదిలో ఉండేవాళ్ళు రెండిట్లోనూ సగటు కంటే ఎక్కువ. ఎడమ కింది గదిలో ఉండేవాళ్ళు రెండిట్లోనూ తక్కువ. సగటు నుంచి ఆ తేడాలు గుణిస్తే ఈ రెండు గదుల్లోనూ ప్లస్సే వస్తుంది. మైనస్సును మైనస్సుతో గుణించినా ప్లస్సే కదమ్మా? మిగతా రెండు గదుల్లో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, కాబట్టి మైనస్సు. అందరివీ కూడి సగటు తీస్తే అదే కోవేరియన్స్. మీ తెలుగు పుస్తకంలో సహవిస్తృతి అని ఉంటుంది. ప్లస్సొస్తే రెండూ జతగా పెరుగుతాండాయని. మైనస్సొస్తే ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతాందని."

ఒక పిల్ల మీటర్లను సెంటీమీటర్లు చేసి లెక్కకట్టి, "మేడం, నాది ఎంత పెద్దదొచ్చిందో!" అని మురిసిపోయింది. కొలత మారితే అంకె ఉబ్బుతుంది గానీ సంబంధం ఉబ్బదని మేడమ్ నవ్వారు. మనుషులకు పెద్ద అంకె కనబడితే చాలు, కడుపు నిండిపోతుంది.

ఆ క్లాసులోనే హేమావతి ఉండేది. మడకశిర పక్క పల్లె. తల్లి సాకమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. అప్పటికే వరసగా పంటలు దెబ్బతిన్నాయి. ఈ పంట కూడా పోతే మల్బరీ తోట పీకేసి, కూతుర్ని వెంటబెట్టుకుని గార్మెంట్స్ ఫ్యాక్టరీ పనికి పోవాలని సాకమ్మ తేల్చేసుకుంది. అంటే హేమావతి చదువు అక్కడితో సరి.

పిల్ల ఊరికే కూర్చోలేదు. ఊళ్ళో పురుగుల షెడ్లన్నీ తిరిగి, ఒక్కో పంటకు షెడ్డులో వేడి ఎంత ఉండింది, గూడు బరువు ఎంత వచ్చింది అని కనుక్కుంది. రెండిటికీ కోవేరియన్స్ కడితే దాదాపు సున్నా వచ్చింది. వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

"వేడికీ గూటి బరువుకీ సంబంధమే లేదమ్మా. షెడ్డులో పెట్టిన ఆ కుంపటి ఆర్పేయి. పొగకు నీ కండ్లు పోతాండాయి."

చలికాలం. పురుగులు చివరిసారి కుబుసం విడిచి, ఆకలి మీదుండే రోజులు, వెచ్చదనం లేకుంటే ఆకు ముట్టవు. అయినా సాకమ్మ కుంపటి ఆర్పేసింది. ఆ ఇంట్లో చదువుకున్నది కూతురొక్కతే మరి.

మర్నాడు హేమావతి ఆ సున్నాను క్లాసులో చూపించింది.

"బొమ్మ వేసి చూసినావా?" అని అడిగారు మేడమ్.

"అంకె వచ్చింది కదా మేడం, ఇంక బొమ్మ ఎందుకు?"

మేడమ్ నన్ను బల్ల మీద పెట్టారు. ఒక్కో పంటకు ఒక్కో కాయిన్. కింది అంచు వెంబడి వేడి, పక్క అంచు వెంబడి గూటి బరువు, సగటుల దగ్గర మళ్ళీ దారాలు. చలి షెడ్లవి ఎడమవైపు కింద పడ్డాయి. మధ్యస్తంగా వేడి ఉన్నవి పైకి ఎక్కాయి. మరీ ఉడికిపోయిన షెడ్లవి కుడివైపు మళ్ళీ కిందికి దిగాయి. నా మీద వంతెన కమాను లేచినట్టయింది. ఎడమ కింది గదిలోని ప్లస్సులను కుడి కింది గదిలోని మైనస్సులు తినేశాయి. పై రెండు గదులూ అట్లాగే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. చివరికి మిగిలింది సున్నా.

"సంబంధం లేక కాదు తల్లీ, అది వంగి ఉంది. కోవేరియన్స్ తిన్నగా పోయేదాన్నే పట్టుకుంటుంది" అన్నారు మేడమ్.

హేమావతి గబుక్కున ఫోన్ తీసింది. "కుంపటి ఆర్పమని మాయమ్మకు చెప్పినా మేడం!" ఫోన్ చేస్తే సాకమ్మ ఎత్తలేదు. ఆ వేళకు తోటలో ఆకు కోస్తుంటుంది. మేడమ్ క్లాసు వదిలేసి పిల్లను స్కూటీ మీద బస్టాండుకు తీసుకుపోయారు. మిగతా అమ్మాయిలు నా చుట్టూ నిలబడి ఆ కమానునే చూస్తూ ఉండిపోయారు. నా జన్మలో అంత భయపడింది అప్పుడే.

కొన్ని వారాలకు సాకమ్మ కూతురితో కలిసి కళాశాలకు వచ్చింది. మేడమ్ ఆ కమానును నా మీద మళ్ళీ పేర్చి చూపించారు. ఆ రోజు హేమావతి ఇల్లు చేరేసరికి పురుగులు ఆకు ముట్టకుండా ముడుచుకుని ఉన్నాయట. తల్లీకూతుళ్ళు కుంపటి రాజేసి, తలుపులకు గోనెపట్టాలు కట్టి, అటు చలి గానీ ఇటు సెగ గానీ మీరకుండా కాచుకున్నారట. కొన్ని చచ్చిపోయాయి. తక్కినవన్నీ గూళ్ళు అల్లాయి.

"కూతుర్ని బాగా తిట్టినారా?" అన్నారు మేడమ్ నవ్వుతూ.

"ఎందుకు తిట్టేది మేడం? తప్పని తెలిసిన నిమిషమే పరిగెత్తుకుంటా వచ్చె. నా కోసం అంత పరుగు తీసినోళ్ళు ఇంగెవురుండారు?" సాకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని నా మీదికి వంగింది. "దీంట్లో మా పంట యాడుంటాది?"

హేమావతి రెడ్ కాయిన్ తీసి, కమాను శిఖరానికి కాస్త కింద పెట్టింది. సాకమ్మ దాని పక్కన వేలు ఆనించి, "ఆడే ఉండనీ పాపా. తోట పీకేది లేదు. నువ్వు సదువుకో" అంది.

నా బతుకంతా ఆ రెడ్డును ఎట్లా పాకెట్లో వేయాలా అని కాచుకున్న చేతులనే చూశాను. అది ఉన్నచోటే ఉండాలని కోరిన చెయ్యి అదొక్కటే. ఆకు కోసి కోసి పసరు పట్టిన వేలు గట్టిగా ఆనడంతో నా మీద చిన్న మరక పడింది. క్లాసు మొదలయ్యే ముందు నన్ను తుడిచేటప్పుడు షంషాద్ మేడమ్ ఇప్పటికీ ఆ చోటు వదిలేసి తుడుస్తారు.